బోల్టు బిగించిన గొట్టం

జీపు షెడ్డు దాటి వెళ్ళి మూడు గంటలు కావస్తోంది. ఈ మూడు గంటల్లో హరిబాబు మొదలుపెట్టిన పని ఒక్కటీ కొలిక్కి రాలేదు. ఆటో వెనక చక్రం విప్పి, డ్రమ్ము అలాగే నేలమీద వదిలేసి, కారు బ్యాటరీ చూడబోయాడు. దాని మీద పేరుకున్న తెల్లటి తుప్పు గీకుతూ గీకుతూ మధ్యలో లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. చిలకలపూడి రోడ్డు మీద సన్నగా తుంపర పడుతోంది. తెప్పించుకున్న టీ బల్ల మీదే చల్లారిపోయింది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు?" అంది హర్షిత. షెడ్డుని ఆనుకుని ఉన్న చిన్న గదిలో స్పేర్ పార్టుల కొట్టు చూసుకునేది అతని భార్యే.

"ఏం లేదు. వాన పట్టేలా ఉంది."

"వాన పడితే మీకేంటి? పొలమా, పుట్రా?"

హరిబాబు మళ్ళీ ఆటో దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

నిదానం అన్నది అతని ఒంట్లోనే లేదు. వాళ్ళది పెడనలో నేతపని చేసే ఇల్లు. తండ్రి భావనారాయణ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే పొద్దువాలేదాకా లేచేవాడు కాదు. హరిబాబు పావుగంట కూర్చుంటే గొప్ప. పోగు తెగితే ముడి వెయ్యకుండానే ముందుకి లాగేసేవాడు. "నువ్వు గుడ్డకి పనికిరావురా, ఇనుముకైతే ఏమో" అని ఆ తండ్రే విసుగెత్తి, పదహారో ఏట బందరు తీసుకొచ్చి మెకానిక్కు దగ్గర పెట్టాడు. ఇనుము అచ్చొచ్చింది. ముప్పై నాలుగేళ్ళకి సొంత షెడ్డు, పేరూ వచ్చాయి. తొందర మాత్రం పోలేదు.

పొద్దున వెళ్ళిన జీపు లక్ష్మీదుర్గది. నాగాయలంకలో పీతల వ్యాపారం చేస్తుందావిడ. నలభై దాటాయి. భర్త సముద్రం మీదకి వేటకి వెళ్తాడు, ఈవిడ రోడ్డు మీద తిరుగుతుంది. ఏటిమొగ రేవు దాకా, ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి మండపీతలు కొని, బుట్టలకెత్తి, తనే జీపు నడుపుకుంటూ బందరు తెచ్చి అమ్ముతుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దారిలో కనిపించిన ఆడవాళ్ళనల్లా ఎక్కించుకుంటుంది. పాత డీజిలు జీపే అయినా దాన్ని పసిబిడ్డలా చూసుకుంటుంది.

పోయిన ఏడు వానల్లో గట్టు రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ధైర్యం చేసి దిగింది. ఇంజన్ గాలితోపాటు నీళ్ళు కూడా పీల్చేసి దిమ్మెరపోయి ఆగింది. లోపల రాడ్డు వంగింది. నెల రోజులు బండి లేదు. ఈ ఏడు ముందే జాగ్రత్తపడాలని, మంగళవారం నాడు హరిబాబు దగ్గరికి వచ్చి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అందులో ఒక బండి బానెట్ పక్కనించి గొట్టం పైకి లేచి టాపు దాకా ఉంది. బండి నడుములోతు నీళ్ళలో దర్జాగా వెళ్తోంది.

"నా బండికి కూడా ఇలాంటి ముక్కు పెట్టు తమ్ముడూ. పైనించి గాలి పీల్చుకుంటుంది, కింద ఎన్ని నీళ్ళుంటే మనకేంటి?" అంది.

"పెడతానక్కా. శనివారం పొద్దున వచ్చి బండి తీసుకెళ్ళండి" అనేశాడు హరిబాబు.

అనడమైతే అన్నాడు గానీ పని విప్పాక పెరిగింది. పాత ఫిల్టర్ డబ్బా పోయినేడు నీళ్ళ దెబ్బకే పగిలి, టేపులతో బతుకుతోంది. దాన్నీ, దాన్నించి ఇంజన్‌లోకి గాలి తోసే టర్బోకి వెళ్ళే రబ్బరు గొట్టాన్నీ కూడా తీసిపారేసి, మొత్తం కొత్తగా కట్టాలనుకున్నాడు. పైన మూతి, అక్కణ్ణించి దిగే గొట్టం, సందుల్లోంచి గాలి చొరబడని కొత్త ఫిల్టర్, ఫిల్టర్ నించి టర్బో దాకా అల్యూమినియం పైపు. ఆ పైపు అతికే పని బందరులో తనకి నచ్చినట్టు చేసేవాళ్ళు లేరు. గురువారం కొలతలు పట్టుకుని గుడివాడ వెళ్ళాడు, శోభనాద్రి దగ్గరికి.

శోభనాద్రికి అరవై ఐదేళ్ళు. గుడివాడలో లేతు, వెల్డింగు షాపు. ఆయన అతికిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. పైపు పూర్తిచేసి, పాత రబ్బరు గొట్టాన్ని పక్కన పెట్టుకుని రెంటినీ చూశాడాయన. పాతదానికి మధ్యలో చిటికెన వేలంత ముక్కు ఒకటి ఉంది, నూనె జిడ్డుతో నల్లగా.

"దీనికి ఇంజన్ పైనుంచి చిన్న గొట్టం వచ్చి కలుస్తుంది కదయ్యా. బ్రీదరు. కొత్తదానికి ముక్కు పెట్టలేదే?"

"పెట్టండి బాబాయ్."

"పెడదామంటే గ్యాసు అయిపోయింది. సిలిండరు శనివారానికి వస్తుందిట. ఉండు, శనివారం ఇస్తా."

శనివారం! శనివారం పొద్దున బండి ఇస్తానని చెప్పాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని అప్పటికే టీవీలో చెబుతున్నారు. "పర్లేదు లెండి, నేను ఏదో ఒకటి చూసుకుంటా" అని పైపు చంకన పెట్టుకుని బస్సెక్కేశాడు.

శుక్రవారం సాయంత్రం అన్నీ బిగించాక ఆ బ్రీదరు గొట్టం ఒక్కటీ మిగిలింది. ఎక్కడ కలపాలో తెలియక గాల్లో వేలాడుతోంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే దాని మూతిలోంచి పుసపుసా పొగ, నూనె ఆవిరి. అలాగే వదిలేస్తే నీళ్ళలో దిగినప్పుడు ఆ దారినే నీళ్ళు లోపలికి వెళ్తాయి. చివర చిన్న ఫిల్టర్ తొడుగుదామంటే ఆ సైజుది కొట్లో లేదు. గంట కొట్టినట్టు ఏడయింది. హరిబాబు చుట్టూ చూశాడు. డబ్బాలోంచి సరిపడా బోల్టు ఒకటి తీసి గొట్టం మూతిలో దూర్చి, క్లిప్పు వేసి బిగించేశాడు. రెండు రోజులే కదా. సోమవారం పిలిచి, పైపు విప్పి, ముక్కు పెట్టించేద్దాం. అక్కతో రేపు చెప్పేద్దాం.

పొద్దున లక్ష్మీదుర్గ వచ్చింది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. నల్లగా నిగనిగలాడుతున్న గొట్టాన్ని కిందనించి పైదాకా అరచేత్తో నిమిరింది. "ఏనుగు తొండం ఎత్తినట్టుందయ్యా!" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక 'ఇంకా పని మిగిలుందక్కా' అన్న మాట హరిబాబు పక్కన పెట్టేశాడు. "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడు అంతే.

ఇదంతా తలుచుకుంటూ డ్రమ్ము చేతిలో పట్టుకుని కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. శోభనాద్రి.

"గ్యాసు వచ్చిందయ్యా. పైపు పంపించు, సాయంత్రానికి ముక్కు అతికి ఇచ్చేస్తా."

"బండి వెళ్ళిపోయింది బాబాయ్. సోమవారం తెప్పిస్తా."

"వెళ్ళిపోయిందా? మరి బ్రీదరు ఎక్కడ కలిపావు?"

"బోల్టు పెట్టి మూశాను."

అవతల లేతు మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగింది. ఆపించినట్టున్నాడు.

"అరిగిన ఇంజనా, కొత్తదా?"

"పాతదే."

"ఏమయ్యా, లోపల మండిందంతా సైలెన్సర్‌కే పోతుందనుకున్నావా? పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత కిందకి, నూనె ఉండే గదిలోకి దిగుతుంది. రింగులు అరిగితే ఇంకా ఎక్కువ దిగుతుంది. అది బయటికి రావడానికే ఆ గొట్టం. పీల్చే పైపులో ఎందుకు కలుపుతారు? అది ఎప్పుడూ లాగుతుంటుంది గనక."

"నాకు తెలుసు బాబాయ్."

"తెలిసి చేశావా?"

హరిబాబు చేతిలోని డ్రమ్ము నేలమీద పెట్టేశాడు.

"ఇప్పుడా గాలి ఎటు పోతుంది? వెనక సీలు తోసుకుని క్లచ్చి మీదకి నూనె చిమ్ముతుంది. నూనె మట్టం చూసే గేజీ పుల్ల ఎగిరి బయటపడుతుంది. అంతటితో పోతే అదృష్టం. టర్బోలోకి వెళ్ళిన నూనె కిందకి దిగే దారి లేక పీల్చే గాలిలో కలిసిందనుకో, డీజిలు ఇంజన్‌కి నూనైనా ఒకటే, డీజిలైనా ఒకటే. తాళం తీసినా ఆగదు. నూనె అయిపోయేదాకానో, ముక్కలయ్యేదాకానో అరుస్తూనే ఉంటుంది. ఆ బండిలో మనుషులెక్కుతారా?"

"ఎక్కుతారు."

"మరి ఇంకా నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నావేంటి?"

హరిబాబు లక్ష్మీదుర్గకి ఫోన్ చేశాడు. ఫోన్ అందుబాటులో లేదని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ. అయిదోసారికి వాళ్ళింటికి చేస్తే కూతురు సంజన ఎత్తింది.

"అమ్మ ఏటిమొగ వెళ్ళింది మావయ్యా. నీళ్ళు పెరిగేలోపు పీతలు తెచ్చేసుకోవాలని. అక్కడ సిగ్నల్ ఉండదు కదా. ఏంటి?"

"నువ్వు చేస్తూనే ఉండమ్మా. తగిలితే బండి ఎక్కడుంటే అక్కడ ఆపేసి, ఇంజన్ ముట్టుకోవద్దని చెప్పు. నేను వస్తున్నానని చెప్పు."

"ఏమైంది మావయ్యా?"

"వచ్చాక చెబుతానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. పానాలు, స్క్రూడ్రైవరు సంచిలో పడేసుకుని మోటారు సైకిలు తీశాడు. "ఎక్కడికండీ ఈ వానలో?" అని హర్షిత గుమ్మంలోంచి అరుస్తుంటే, "నాగాయలంక!" అని వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

వాన చల్లపల్లి దాకా తుంపరగానే ఉంది. ఆ తర్వాత పట్టుకుంది. హెల్మెట్ అద్దం మీద నీళ్ళు, తుడిస్తే మసక, ఎత్తితే కళ్ళలోకి చినుకులు. మోపిదేవి దగ్గర బస్సు వెనక ఇరుక్కుని పక్కకి తప్పుకోబోయి, బురదలో చక్రం జారి పడినంత పనైంది. 'నిదానం' అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే యాక్సిలరేటరు తిప్పాడు. పులిగడ్డ అక్విడెక్టు మీద ఎదురుగాలి బండిని పక్కకి నెట్టేస్తోంది. కింద ఏరు ఎర్రగా ఉంది. జేబులో ఫోన్ మోగినట్టనిపించి రెండుసార్లు ఆగి చూశాడు. మోగలేదు.

దారి పొడుగునా మనసు ఒకచోట నిలవలేదు. ఒకసారి, ఏమీ కాదు, మూడు గంటలకే సీలు పోతుందా, అంటుంది. వెంటనే ఆ పాత ఇంజన్ పుసపుసలాడుతూ వదిలిన పొగ కళ్ళ ముందుకొస్తుంది. అరిగిన రింగులు. అంత పొగ చూసి కూడా బోల్టు ఎలా పెట్టాను? పోనీ పెట్టినవాణ్ణి, చెప్పకుండా ఎలా ఊరుకున్నాను? చెబితే ఏమయ్యేది? కాస్త ముఖం ముడుచుకునేది, రెండ్రోజులు ఆగేది. అంతేగా!

నాగాయలంకలో టీ కొట్టు దగ్గర ఆగి అడిగాడు.

"పీతల లక్ష్మీదుర్గా? గంట కిందట వెళ్ళింది" అన్నాడు టీ కొట్టతను. "బండి బాగా పొగ కక్కుతోంది. నీలంగా. ఏంటమ్మా అంటే, కొత్త గొట్టం పెట్టించాను కదా అలవాటు పడాలిలే అంది."

హరిబాబు మళ్ళీ బండెక్కాడు. ఊరు దాటాక రోడ్డు మీద చూశాడు. తడిసిన తారు మీద రంగురంగుల మరకలు. ఎరుపు, నీలం, పసుపు, వాన నీళ్ళమీద తేలుతూ, పది అడుగులకి ఒకటి చొప్పున. నూనె. ఇంకొంచెం దూరం వెళ్ళాక అయిదడుగులకి ఒకటి. తర్వాత మరకలు కలిసిపోయి ఒకటే చారలా సాగాయి. ఆ చార వెంటే వెళ్ళాడు. రొయ్యల చెరువుల గట్టు రోడ్డు ఎక్కాక ముందు చప్పుడు వినిపించింది.

ముందు అది జీపు చప్పుడని పోల్చుకోలేకపోయాడు. రైసుమిల్లు పట్టా తెగి మోటారు ఒట్టిగా తిరుగుతున్నట్టు, ఒకటే అరుపు. తర్వాత పొగ కనిపించింది. గట్టంతా తెల్లగా మంచు దిగినట్టుంది.

కాలవ దాటే కాజువే మీద మోకాలి లోతు నీళ్ళు. మోటారు సైకిలు ఇవతలే పడేసి నీళ్ళలోంచి పరుగెత్తాడు. జీపు అప్పుడే నీళ్ళు దాటి అవతల ఎత్తు ఎక్కుతూ సగంలో ఆగి ఉంది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు నలుగురైదుగురు కిందకి దూకేసి గట్టు వార నిలబడి కేకలు వేస్తున్నారు. లక్ష్మీదుర్గ ఒక్కతే సీట్లో ఉంది. రెండు కాళ్ళూ బ్రేకు మీద. తాళం చెవి చేతిలో ఎత్తి పట్టుకుని చూపించింది.

"తీసేశానయ్యా! తాళం తీసేసినా ఆగట్లేదు!"

"టాప్ గేరు వెయ్యండి! బ్రేకు తొక్కిపట్టి క్లచ్చి వదిలెయ్యండి!"

వేసింది. వదిలేసింది. మామూలుగా అయితే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. చక్రాల దగ్గర చిన్నగా వణికి, మాడు కంపు కొట్టింది. ఇంజన్ అరుపు తగ్గలేదు. క్లచ్చి నూనెలో మునిగిపోయి జారుతోంది. శోభనాద్రి చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది.

"దిగండక్కా! దూరంగా పొండి!"

"హ్యాండ్ బ్రేకు పట్టట్లేదు, నేను కాలు తీస్తే బండి వెనక్కి వెళ్ళి నీళ్ళలో పడుద్ది! ఏదోటి చెయ్యి!"

హరిబాబు రాయికోసం చూశాడు. ఆ బురద గట్టు మీద రాయెక్కడ? బానెట్ ఎత్తే సాహసం లేదు. లోపల ఏ ముక్క ఎప్పుడు ఎగిరొస్తుందో తెలియదు. నిప్పు మండటానికి గాలి కావాలి. గాలి ఎక్కణ్ణించి వెళ్తోంది? పైనించి. తను పెట్టిన ముక్కులోంచి.

బంపరు మీద కాలు పెట్టి పైకెక్కాడు. పొగకి కళ్ళు మండుతున్నాయి. టాపు మీది పీతల బుట్టకి కప్పిన తడి గోనెసంచి ఒకటి లాగి గొట్టం మూతి మీద వేసి రెండు చేతులా అదిమాడు. ఇంజన్ గొంతు కాస్త తగ్గింది. మరుక్షణం సంచి గుడ్డ లోపలికి గుంజుకుపోయి, దాని సందుల్లోంచి ఈలవేస్తూ గాలి వెళ్ళింది. అరుపు మళ్ళీ లేచింది.

"బల్లో చెక్కో ఏదైనా ఇవ్వండి! గట్టిది!"

గట్టు వార ఉన్నవాళ్ళలో ముత్యాలమ్మ అనే ముసలమ్మ ఉంది. నాగాయలంక సంతలో ముప్పై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. కూర్చోవడానికి ఆవిడ పీట ఆవిడ వెంటే ఉంటుంది. అందరూ చూస్తుండగానే ఆవిడ పొగలోకి నడిచొచ్చి, జీపు పక్కన నిలబడి, పీటని తలమీదకెత్తి అందించింది.

"ఇంద నాయనా! ఇది విరగదు."

గోనెసంచి నాలుగు మడతలు చేసి మూతి మీద పరిచాడు. దాని మీద పీట బోర్లించి, దాని మీద తన బరువంతా వేశాడు. లోపలినించి ఎవరో పీటని కిందకి లాగుతున్నట్టనిపించింది. గొట్టం వణికింది. ఇంజన్ ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, బండి మొత్తం అటూ ఇటూ కుదిపేసి, టప్పున ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. బుట్టల్లో పీతలు గీరుకుంటున్న చప్పుడు కూడా.

చాలాసేపు హరిబాబు పీట మీదనించి లేవలేదు. చేతులు వదలడం లేదు. ఆడవాళ్ళే వచ్చి కిందకి దించారు. అప్పటికి ఇద్దరు పరుగెత్తుకెళ్ళి చెరువు గట్టునించి ఒక తాటిదుంగ దొర్లించుకొచ్చి చక్రం వెనక పెట్టారు. లక్ష్మీదుర్గ బ్రేకు మీంచి కాళ్ళు తీసింది. దిగి, జీపుకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"దేవుడిలా వచ్చావయ్యా" అంది ముత్యాలమ్మ. "ఈ పిల్లవాడు రాకపోతే ఏమైపోయేవాళ్ళమో!"

"ముక్కు పెట్టావు గనక మూశావు. లేకపోతే దీన్ని ఎవడు ఆపేవాడు?" అంది లక్ష్మీదుర్గ, ఆయాసపడుతూనే. "నీళ్ళలో ఎంత బాగా వచ్చిందనుకున్నావు తమ్ముడూ! ఈ ఇంజనే ముసలిదైపోయింది. గేజీ రెండుసార్లు ఎగిరి బయటికొచ్చింది. ఊరుకుంటానా? తాడేసి కట్టేశాను."

హరిబాబు ఆవిడ మొహంలోకి చూశాడు. మాటలన్నీ అక్కడ తయారుగా ఉన్నాయి. ఇంజన్ ముసలిదక్కా. అంతే అనాలి. ఇంకేం అనక్కర్లేదు. ఆవిడే అంటోంది. వీళ్ళంతా సాక్ష్యం. రేపటికి ఊరంతా అతన్ని మెచ్చుకుంటుంది. సోమవారం నిశ్శబ్దంగా బోల్టు తీసేసి, పైపుకి ముక్కు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? శోభనాద్రికి తెలుసు. ఆయన ఈవిడకెందుకు చెబుతాడు?

నిలబడలేక రెండడుగులు అటు వేశాడు, రెండు ఇటు వేశాడు. ఆడవాళ్ళు వింతగా చూస్తున్నారు. చివరికి బానెట్ ఎత్తాడు. లోపలంతా నూనె, తారు పోసినట్టు. బ్రీదరు గొట్టం వెతికి పట్టుకుని, స్క్రూడ్రైవరుతో క్లిప్పు వదులు చేస్తూంటే చేయి కాలింది. బోల్టు ఊడి వచ్చింది. తెచ్చి లక్ష్మీదుర్గ ముందు పెట్టాడు.

"ఇంజన్ తప్పు కాదక్కా. ఇది నేను పెట్టింది. లోపలి గాలి బయటికి రావాల్సిన దారి ఇది. నేనే మూసేశాను. గేజీ ఎగిరింది కూడా, పాపం, ఆ గాలికి దారి ఇవ్వడానికే. అదీ నేను చెప్పలేదు గనకే మీరు కట్టేశారు."

ఆవిడ బోల్టు వంక చూసింది, అతని వంక చూసింది.

"ఎందుకు మూశావు?"

"దీన్ని కలపడానికి పైపుకి చిన్న ముక్కు పెట్టించాలంటే ఇంకో రెండు రోజులు పట్టేది. శనివారం ఇస్తానన్నాను."

"మరి పొద్దున చెప్పలేదేం?"

"మీరు సంతోషంగా ఉన్నారని..."

"నా సంతోషంతో నీకేం పనయ్యా?" లక్ష్మీదుర్గ గొంతు ఒక్కసారిగా లేచింది. "నిన్ను బండి బాగుచెయ్యమన్నాను. నన్ను నవ్వించమన్నానా? వెనక అయిదుగురు కూర్చున్నారు. నీళ్ళ మధ్యలో ఇలా అయ్యుంటే? కాలవలో పడుంటే? నువ్వు అదొక్క మాట చెప్పుంటే నేను ఈ పూట ఆటో మాట్లాడుకుని వచ్చేదాన్ని!"

ముత్యాలమ్మ పీట తీసుకుని, దానికంటిన నూనె కొంగుతో తుడుచుకుంది. ఇందాక దేవుడన్న నోరు మళ్ళీ తెరవలేదు.

చెరువుల దగ్గరి ట్రాక్టరు వచ్చి జీపుని నాగాయలంక లాక్కెళ్ళింది. దారిలో పల్లెల్లో కొన్న పీతల బుట్టలు మూడున్నాయి. సాయంత్రం లోపు బందరు చేరకపోతే చచ్చిపోతాయి. హరిబాబు అడగకుండానే రెండు బుట్టలు మోటారు సైకిలుకి కట్టుకున్నాడు. మూడోది ఒళ్ళో పెట్టుకుని లక్ష్మీదుర్గ వెనక కూర్చుంది.

జీపు ఇంజన్ గుడివాడలో విప్పారు. టర్బో పోయింది, సీళ్ళు పోయాయి, రింగులు అంతకుముందే పోయి ఉన్నాయి. శోభనాద్రి తిట్టలేదు. తిడితే బాగుండునని హరిబాబుకి అనిపించింది. "కూర్చో" అని స్టూలు చూపించి, పైపుకి కొత్త ముక్కు అతుకుతున్నంతసేపూ ఎదురుగా కూర్చోబెట్టాడు. హరిబాబు లేవబోయినప్పుడల్లా తల ఎత్తకుండానే, "ఇంకా అవలేదు" అనేవాడు.

ఆ ఇంజన్ తయారవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. పంతొమ్మిది రోజులూ హరిబాబు తెల్లారకముందే లేచి నాగాయలంక వెళ్ళి, పీతల బుట్టలు మోటారు సైకిలు మీద బందరు తెచ్చి దింపి, అప్పుడు షెడ్డు తెరిచేవాడు. ఒంటినిండా పీతల వాసన. హర్షిత రెండు రోజులు ముక్కు మూసుకుంది, మూడో రోజునించి వేణ్ణీళ్ళు కాచి ఉంచడం మొదలుపెట్టింది. లక్ష్మీదుర్గ మొదటి వారమంతా బుట్టలు లెక్కపెట్టి కట్టి ఇచ్చేది, అంతే. తర్వాత ఒకనాడు, వాన జోరుగా ఉంటే, "టీ తాగి వెళ్ళు" అంది.

బండి ఇచ్చే రోజున ఆవిడ సీటెక్కలేదు. బానెట్ ఎత్తమంది.

"ఒక్కొక్కటీ చెప్పు. ఏ గొట్టం ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో."

హరిబాబు చెప్పాడు. ఇది పైనించి వచ్చే గాలి. ఇది ఫిల్టర్. ఇది టర్బోకి వెళ్ళే పైపు. ఇంజన్ లోపలి గాలి ఈ గొట్టంలోంచి ఈ డబ్బాలోకి వస్తుంది. నూనె తడి ఇక్కడ అడుగున నిలుస్తుంది. మిగిలిన గాలి పైనించి ఈ ముక్కులోకి, ఫిల్టర్ దాటాక, టర్బోకి ముందు. అన్నీ మూసుకుని ఉంటాయి గనక నీళ్ళు దూరే సందు లేదు. పదిహేను రోజులకోసారి డబ్బా అడుగున ఈ స్క్రూ విప్పి నూనె వంపెయ్యాలి.

"వంపకపోతే?"

"నిండిపోతే దారి మూసుకుపోయినట్టేనక్కా. మళ్ళీ అదే గొడవ."

"ఇంకేమైనా మిగిలుందా? నేను అడగనిది?"

హరిబాబు బానెట్ కింద ఇంకోసారి చూశాడు. "క్లచ్చి ప్లేటు కొత్తది. వెయ్యి కిలోమీటర్ల దాకా బరువు తగ్గించి నడపండి. హ్యాండ్ బ్రేకు ఇంకా సరిగా పట్టట్లేదు. దానికి తీగ రావాలి, బుధవారం వేస్తాను. అప్పటిదాకా ఎత్తు మీద ఆపొద్దు."

ఆవిడ తల ఊపి సీటెక్కింది. అతను ఇంజన్ చప్పుడు వింటూ రోడ్డు మలుపు దాకా వెనకే నడిచాడు. బండి కనుమరుగయ్యాక కూడా కొంతసేపు అక్కడే నిలబడి, చప్పుడు వినిపిస్తోందా అని చెవి పెట్టాడు. మనసు కుదురుపడిందా అంటే పడలేదు. వాన పడ్డ ప్రతిరోజూ సంజనకి ఫోన్ చేసి, "అమ్మ వచ్చేసిందా?" అని అడిగేవాడు.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు జీపు షెడ్డు ముందు ఆగింది. వెనకాలే ఇంకో పాత వ్యాను. అందులోంచి బక్కపలచటి మనిషి దిగాడు. పేరు అప్పయ్య, మంగినపూడి దగ్గర పల్లెలో ఎండుచేపల వ్యాపారం. దిగుతూనే లక్ష్మీదుర్గ జీపు గొట్టాన్ని చూపిస్తూ, "నాకూ ఇలాంటిదే కావాలండీ. ఎల్లుండికి అయిపోద్దా? ఎల్లుండి సరుకుంది" అన్నాడు.

ఎల్లుండి. హరిబాబు నాలుక చివరిదాకా 'అయిపోతుంది' అన్న మాట వచ్చింది. లక్ష్మీదుర్గ జీపులోనే కూర్చుని అతని వంకే చూస్తోంది. బానెట్ ఎత్తి లోపలికి చూశాడు. రబ్బరు గొట్టం, దాని ముక్కు, బ్రీదరు. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆ గొట్టం ఊడదీసి, మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. వెచ్చగా, జోరుగా తగిలింది.

"ఆరు రోజులు పడుతుందండి" అన్నాడు. "గుడివాడ వెళ్ళాలి. మధ్యలో ఆదివారం."

"ఆరా!" అప్పయ్య లక్ష్మీదుర్గ వైపు తిరిగాడు. "చెప్పమ్మా నువ్వైనా, మనవాడే కదా!"

"ఆరంటే ఆరే" అంది లక్ష్మీదుర్గ జీపు గేరు వేస్తూ. "తొందరపెట్టకు. ఎక్కు, ఎల్లుండి నీ సరుకు నేను తెస్తాను."